పంతొమ్మిదో రోజు రిపోర్టు: ఒక వెటర్నరీ ఇంటర్నీ కేసు

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి సంతకం పెట్టి ఒప్పుకున్నాడు. రాసిందంతా చదివి, రెండుచోట్ల పశువైద్యం మాటలు దిద్దాడు కూడా. వయసు, ఊరు, ఇంటి వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. కాలేజీ పేరు చెప్పను. ల్యాబు అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేను పర్లాకిమిడిలో మానసిక వైద్యురాలిని. ఊరు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది బజార్లో ఒడియా మాట్లాడి, లోపలికొచ్చి కూర్చోగానే తెలుగులోకి దిగుతారు. ఎగువన మోహనా, ఆర్. ఉదయగిరి కొండల్లో గంజాయి దొంగచాటుగా పండుతుందనీ, పోలీసులూ ఎక్సైజువాళ్లూ వెళ్లి తోటలు నరికి తగలబెడతారనీ పేపరు చదివే అందరికీ తెలుసు. ఈ కేసులో ఆ కొండల వాటా ఎంతో తర్వాత చెబుతాను.

వచ్చిన రోజు

మే నెల, మధ్యాహ్నం. ఓపీ అయిపోవస్తోంది. ముందు తండ్రి, ఆయన వెనక తల్లి, ఆవిడ వెనక కొడుకు. తండ్రి కాశీనగర్ వైపు ఒక రైసుమిల్లులో గుమస్తా. కూర్చోకముందే అడిగాడు: "మేడమ్, ఇది వీడి ఒంట్లోంచి ఎన్నాళ్లకి పోద్ది?" కొడుకు ఎలా ఉన్నాడో ఆయన అడగలేదు. అందుకు ఆయన్ని తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్న కాగితంలోనూ ఆ ఒక్క ప్రశ్నే ఉంది.

కాలేజీ పంపిన ఉత్తరం అది. యూరిన్‌లో టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తిచ్చే పదార్థం, పాజిటివ్ వచ్చింది, ఇంటర్న్‌షిప్ ఆపేస్తున్నాం, ప్రతి వారం రిపోర్టు పంపాలి, నెగెటివ్ వచ్చాకే తిరిగి చేర్చుకుంటాం. అంతే.

అబ్బాయికి 24 ఏళ్లు. బి.వి.యస్సీ అండ్ ఎ.హెచ్. నాలుగున్నరేళ్ల చదువు ఒక్క సబ్జెక్టూ పోకుండా పూర్తిచేసి, ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాడు. తల్లి మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు ఇంట్లో పాడిగేదె గురకవ్యాధితో ఒక్క రాత్రిలో పోయిందట, వీడు దాని పక్కనే తెల్లారేదాకా కూర్చున్నాడట, ఆ రోజే పశువుల డాక్టరునవుతానన్నాడట. "మా గుంటడు అబద్దమాడితే నాకు తెలిసిపోద్ది డాక్టరమ్మా. ఈసారి ఆడ్నేదు. తాగినానని ఆడే సెప్పినాడు."

పెద్దవాళ్లని బయట కూర్చోమని, ఎప్పుడు మానేశావని అడిగాను.

"అయిదు రోజులైంది మేడమ్. ఆ దూడ రోజు నుంచి ముట్టుకోలేదు."

కాబట్టి కింద రాసిన రోజుల లెక్కంతా ఆ దూడ రోజునుంచే.

దూడ

పోస్టింగులో ఉన్న పశువుల ఆసుపత్రికి ఒక రైతు పెయ్యదూడని తెచ్చాడు. బొడ్డుదగ్గర హెర్నియా. బరువు అరవై కిలోలు ఉంటుంది. ఆపరేషనుకి ముందు మత్తుగా జైలజిన్ ఇవ్వాలి. పశువైద్యం తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. ఈ మందు జాతిని బట్టి మారిపోతుంది. కుక్కకి కిలోకి దాదాపు 1 మిల్లీగ్రాము పట్టే చోట ఆవుజాతికి అందులో పదోవంతు చాలు. అంతకు మించితే గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది. ఆ దూడకి 6 మిల్లీగ్రాములు సరిపోతాయి. అంటే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములుండే మందులో 0.3 మి.లీ. ఇతను సిరంజిలోకి 3 మి.లీ. లాగాడు.

సిరంజి చేతిలో పట్టుకుని దూడవైపు వంగినప్పుడు పక్కనున్న ఎల్.ఐ. గారు, అంటే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు, సిరంజి చూసి మణికట్టు పట్టుకున్నారు. "బాబూ, ఇది కుక్క డోసు." సిరంజి లాక్కుని మందు పారబోశారు. దూడకి ఏమీ కాలేదు. ఆపరేషన్ డాక్టరుగారు చేశారు.

ఇది చెబుతున్నప్పుడు ఆ అబ్బాయి కుడిచెయ్యి ఎడమ మణికట్టుని పట్టుకుని ఉంది. ఆ పట్టు తర్వాత మూడు నాలుగు సిట్టింగుల దాకా చూశాను. దూడ మాట వచ్చినప్పుడల్లా చెయ్యి అక్కడికే వెళ్లేది.

ముందు రోజు రాత్రి పదకొండింటికి తాగాడు. రెండింటికి పడుకున్నాడు. ఐదున్నరకి లేచాడు. సిరంజి పట్టుకున్నది పదింటికి. ఆ తప్పు గంజాయిదా, మూడున్నర గంటల నిద్రదా, వారంరోజులుగా కుక్కల ఓపీ చూసిన చేతికి పట్టిన అలవాటుదా? నేను తేల్చలేను. ఏ మూత్ర పరీక్షా తేల్చలేదు. కానీ దూడ చనిపోయేదే. ఆ మాట అతనితో మెత్తగా చెప్పలేదు, ఇక్కడా మెత్తగా రాయను. రాత్రిపూట గంజాయి, పొద్దున మత్తుమందు సీసా, ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండకూడదు.

హాస్టల్

గంజాయి పండే జిల్లావాడు గంజాయి ఎక్కడ నేర్చుకున్నాడు? హాస్టల్లో, మూడో సంవత్సరంలో, వేరే జిల్లా నుంచి వచ్చిన సీనియర్ గదిలో. ఇంటర్ వరకు సిగరెట్టు కూడా లేదు. మొదట శనివారాలు మాత్రమే. ఆఖరి పద్నాలుగు నెలలు రోజూ, రాత్రి రెండు మూడు జాయింట్లు. "నిద్ర కోసం మేడమ్" అన్నాడు. మొదటిసారి ఒక కుక్కని శాశ్వతంగా నిద్రపుచ్చిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఆ రాత్రే రోజువారీ అలవాటు మొదలైంది. ఆ కుక్క యజమాని ముసలాయన, అది చనిపోయాక మెడపట్టీ తీసి జేబులో పెట్టుకుని ఇతనికి దండం పెట్టి వెళ్లాడట. అయిదేళ్ల చదువులో మందు ఎలా ఎక్కించాలో నేర్పారు, ఆ దండాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

గంజాయి వాడకం కొలిచే క్యుడిట్-ఆర్ ప్రశ్నావళిలో 32కి 21 వచ్చింది. 12 గాని అంతకు మించి గాని వస్తే వ్యసనం అనుమానించాలి. దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 16. మద్యం అప్పుడప్పుడు. కెటమిన్ గురించి విడిగా అడిగాను, అడగాల్సిందే. పశువుల ఆసుపత్రి బీరువాలో అది ఉంటుంది. షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే కట్టుదిట్టంగా లెక్క రాయాల్సిన మందు. మూత్రంలో అయిదు రకాల మత్తుపదార్థాలు పట్టడానికి బజార్లో మామూలుగా దొరికే పరీక్ష స్ట్రిప్పులో కెటమిన్ గాని జైలజిన్ గాని తెలియవు. స్ట్రిప్పు శుభ్రంగా ఉందని పశువైద్య విద్యార్థిని వదిలేస్తే అసలు ప్రమాదం బీరువాలోనే ఉండిపోవచ్చు. ఇతను ముట్టుకోలేదన్నాడు. ఎల్.ఐ. గారి స్టాకు రిజిస్టరూ అదే చెప్పింది.

చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాను. ఒక్కసారి, కాలేజీలో అందరి ముందూ స్ట్రిప్పు పరీక్ష చేసిన రాత్రి, అన్నాడు. ఈ వృత్తిలో ఆత్మహత్యలు మామూలు జనంలో కన్నా ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ప్రాణాంతకమైన మందులు చేతికి అందుబాటులో ఉండటం ఒక కారణం. తల్లిని లోపలికి పిలిచి, అతని ముందే చెప్పి, రాత్రుళ్లు ఒంటరిగా వదలొద్దన్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి-మానస్ నంబరు 14416 ఆవిడ ఫోన్లో పెట్టించాను.

స్ట్రిప్పు

ఆ రాత్రి సంగతి చెప్పాలి. దూడ ఘటన తర్వాత రెండో రోజు, పదకొండు మంది ఇంటర్నీల్లో ఇద్దర్ని ఆఫీసుకి పిలిచారు. ఒకడు ఇతను, రెండోవాడు కొరాపుట్ అబ్బాయి. రెండోవాడు చేసిన తప్పేమీ లేదు, ఊరే తప్పు. "మీ వైపు అదే పంట కదా" అన్నారట. సీసాల మీద పేర్లు పెన్నుతో రాశారు, సీలు వెయ్యలేదు. ఏం మందులు వాడుతున్నావని అడగలేదు. స్ట్రిప్పు బల్లమీద పెట్టి, క్లర్కు, ఇద్దరు అటెండర్లు, తోటి ఇంటర్నీలు నిలబడి చూస్తుండగా గీత కోసం ఎదురుచూశారు. ఈ పరీక్షలో గీత కనిపిస్తే నెగెటివ్, కనిపించకపోతే పాజిటివ్. కొరాపుట్ అబ్బాయికి గీత వచ్చింది. ఇతనికి రాలేదు.

ఫలితం సరైనదే. అయినా ఆ పద్ధతిని నేను ఒప్పుకోను. స్ట్రిప్పు అన్నది వడపోత మాత్రమే. మూత్రంలో గంజాయి అవశేషం, టీహెచ్‌సీ-సీఓఓహెచ్ అంటాం, మి.లీ.కి 50 నానోగ్రాములు దాటితే పాజిటివ్ చూపిస్తుంది. దాన్ని జీసీ-ఎంఎస్ లాంటి యంత్రం మీద రూఢిచేసుకోవాలి. అక్కడ హద్దు 15. ఈ అబ్బాయి గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటున్నాడు. టీహెచ్‌సీ స్ట్రిప్పులో తప్పుడు పాజిటివ్ రావచ్చని ఆ మందు వివరాల్లోనే ఉంటుంది. ఇతను ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఒప్పుకోవడానికి ఏమీ లేని కుర్రాడైతే?

రెండో సిట్టింగులో అతనే ఒక మాటన్నాడు. గంజాయి తిన్న కుక్కలు ఓపీకి వస్తాయట. తూలుతూ, చుక్కచుక్కగా మూత్రం కారుస్తూ, చెయ్యి దగ్గరికి తెస్తే ఉలిక్కిపడుతూ. "మనుషుల స్ట్రిప్పు కుక్క మూత్రానికి సరిగా పనిచెయ్యదు మేడమ్. తిన్నా నెగెటివే చూపిస్తుంది చాలాసార్లు. అందుకని మేం కుక్కని చూసి చెబుతాం. నన్నెవరూ చూడలేదు." ఆ రోజు నా కేస్‌షీట్లో అతని ఆ ఆఖరి మాట రాసి కింద గీత గీసుకున్నాను.

తండ్రి ఒకసారి గేటు దగ్గర ఆపి అడిగాడు. "శివరాత్రికి గుళ్లో భంగు తాగినోళ్లకి లేని తప్పు వీడికెందుకమ్మా?" ఆయన వేదనలోంచి వచ్చిన ప్రశ్నైనా సరైన ప్రశ్నే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉట్టి ఆకు, గింజ ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగు అందుకే వేరే లెక్కలో నడుస్తోంది. మూత్రానికి ఆ తేడా తెలియదు. భంగు తాగినవాడిదీ, గంజాయి పీల్చినవాడిదీ ఒకే పాజిటివ్. అలాగని కొడుకు చేసింది తప్పు కాదని ఆయనకి చెప్పలేదు. గంజాయి సేవనానికి సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు గాని, పదివేల దాకా జరిమానా గాని, రెండూ గాని ఉంటాయి. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో వైద్యానికి చేరి, పూర్తి చేసుకుంటే 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉందని కూడా చెప్పాను. ఈ కేసు పోలీసుల దాకా వెళ్లలేదు.

పంతొమ్మిదో రోజు

కాలేజీ వారంవారం రిపోర్టు అడిగింది కాబట్టి ల్యాబుని ఒకటి కోరాను. టీహెచ్‌సీ-సీఓఓహెచ్‌తో పాటు అదే సీసాలో క్రియాటినిన్ కూడా కొలవమని. కారణం సులువు. గంజాయి సారం కొవ్వులో దాక్కుని కొద్దికొద్దిగా బయటికొస్తుంది. ఒకసారి తాగినవాడికి రెండు మూడు రోజుల్లో పోవచ్చు గాని, ఏడాది పైగా రోజూ తాగి, 86 కిలోలున్న మనిషికి మూడు నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. ఈలోగా నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి అంకె తగ్గుతుంది, తక్కువ తాగితే చిక్కబడి పెరుగుతుంది. మజ్జిగలో ఉప్పెంతో చెప్పాలంటే ఎన్ని నీళ్లు కలిపారో కూడా చూడాలి కదా, అలాగే. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే వ్యర్థం, అది ఆ నీళ్ల లెక్క చెబుతుంది. కింద మొదటి అంకె మి.లీ.కి నానోగ్రాములు, క్రియాటినిన్ డెసిలీటరుకి (వంద మి.లీ.కి) మిల్లీగ్రాములు. నిష్పత్తి అంటే ఒక మిల్లీగ్రాము క్రియాటినిన్‌కి ఎన్ని నానోగ్రాముల అవశేషం ఉందో.

అయిదో రోజు: 310 నానోగ్రాములు, క్రియాటినిన్ 155. నిష్పత్తి 200.

పన్నెండో రోజు: 96, క్రియాటినిన్ 80. నిష్పత్తి 120.

పంతొమ్మిదో రోజు: 144, క్రియాటినిన్ 240. నిష్పత్తి 60.

కాలేజీవాళ్లు మొదటి అంకెలు మాత్రమే చూశారు. 96 నుంచి 144కి పెరిగింది, అంటే మళ్లీ తాగాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి తండ్రికి చెప్పారు. ఆయన ఇంటికెళ్లి కొడుకుని కొట్టాడు. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, వాకిట్లో, చెప్పుతో.

నిజానికి జరిగింది ఇది. ఖాళీగా ఉంటే కోరిక పెరుగుతుందని, పగలంతా ఏదో పనిలో ఉండమని నేనే చెప్పాను. గుమ్మా వైపు మేనమామకి మేకలున్నాయి. ఆ ముందురోజు మే ఎండలో గట్టుమీద మేకల వెంట సాయంత్రం దాకా తిరిగాడు. పొద్దున్నే లేచి, నీళ్లు కూడా తాగకుండా, మొదటి మూత్రమే సీసాలో పట్టి ఇచ్చాడు. మూడింతలు చిక్కటి మూత్రం అది. నీళ్ల లెక్క తీసేస్తే అవశేషం వారం కిందటికి సగమైంది. అతను మాట తప్పలేదు. కాగితం మీద అబద్ధికుడయ్యాడు.

నా పొరపాటు ఒకటుంది. సీసా ఏ పూట ఇవ్వాలో ముందే నిర్ణయించి ఉండాల్సింది. నిష్పత్తి అంటే ఏమిటో రెండు వాక్యాల్లో రాసి మొదటి రిపోర్టుతోనే కాలేజీకి పంపాల్సింది. ల్యాబు కాగితం దానంతటదే మాట్లాడుతుందనుకున్నాను. ఆ వారం నుంచి నా దగ్గర నుంచి వెళ్లే ప్రతి రిపోర్టు మీదా తెలుగులో, ఇంగ్లీషులో వివరణ ఉంటోంది.

మర్నాడు తండ్రిని పిలిచి కాగితం మీద భాగహారం చేసి చూపించాను. మిల్లు లెక్కలు రాసే మనిషి, నాకన్నా ముందే అర్థమైంది. "ధాన్యంలో తేమ తీసెయ్యకుండా తూకం వేసినట్టన్నమాట" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

ఇరవై ఏడో రోజు: 33, క్రియాటినిన్ 110, నిష్పత్తి 30. స్ట్రిప్పులో గీత వచ్చింది. నెగెటివ్.

వైద్యం

గంజాయి మానితే ఏమీ కాదంటారు. అవుతుంది. మానేసిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో ముదిరి, రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఇతనికి ఎనిమిదో రోజు రాత్రి దుప్పటి తడిసేంత చెమట. తల్లి పెట్టిన చద్దన్నం, ఎండుచేప ముట్టుకోలేదు. దూడ కల రోజూ వచ్చేది. ఇది వైద్యశాస్త్రం గుర్తించిన స్థితే. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే జబ్బుల పట్టికలో, గంజాయి విత్‌డ్రాయల్‌ని పేరుపెట్టి చేర్చారు.

దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. మాటలే మందు. వారానికొకసారి, మొత్తం పది సిట్టింగులు. నిద్ర మీద, ఆ దండం మీద ఎక్కువ పనిచేశాం. మూడు వారాల తర్వాత కూడా పీహెచ్‌క్యూ 13 దగ్గరే ఆగడంతో ఇది విత్‌డ్రాయల్ దిగులు కాదని తేల్చుకుని దిగులుకి వాడే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. పదో వారానికి 6కి దిగింది.

ఒకసారి జారాడు. రెండో నెలలో, పెళ్లికి వెళ్లి, రెండు దమ్ములు. మర్నాడు తనే ఫోన్ చేశాడు. ఆ సంగతి కాలేజీకి రాయలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మాదకద్రవ్యాలకి సంబంధించిన స్థితులూ దాని పరిధిలోవే, రోగి గోప్యత అతని హక్కు. ఏ సంగతి కాలేజీకి వెళ్తుందో, ఏది వెళ్లదో మొదటిరోజే కాగితం మీద రాసుకున్నాం. పశువుకి గాని, మనిషికి గాని ప్రమాదం ఉందనిపిస్తే చెబుతానని కూడా అందులో ఉంది. ఆ వారం అతను డ్యూటీలో లేడు.

తిరిగి చేరేటప్పుడు నేను కోరింది మూత్ర పరీక్షల సంఖ్య పెంచమని కాదు. మొదటి ఎనిమిది వారాలు మత్తుమందు ఏది ఎక్కించినా రెండో మనిషి సిరంజి చూసి, జాతి, బరువు, డోసు పైకి చదవాలి. ముందురాత్రి అయిదు గంటలకన్నా తక్కువ నిద్రపోతే ఆ పూట ఆపరేషన్ టేబుల్ దగ్గరికి వెళ్లకూడదు. బీరువా తాళం డాక్టరుగారి దగ్గరే. మొదటి షరతు ఎల్.ఐ. గారికి ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఆ ఆసుపత్రిలో అందరు ఇంటర్నీలకీ అదే పెట్టారు.

ఇంటర్న్‌షిప్ నాలుగు నెలలు ఆలస్యంగా పూర్తయింది. రిజిస్ట్రేషన్ వచ్చింది. కిందటి నెల ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు తండ్రి మోటారుసైకిలు మీద దింపాడు, లోపలికి రాకుండా బయట చెట్టుకింద నిలబడ్డాడు. కాలేజీలో ఇప్పుడు పరీక్ష విడిగా ఒక గదిలో చేస్తున్నారట, సీలు వేస్తున్నారట. కానీ అతని ఫైల్లో పంతొమ్మిదో రోజు కింద "చికిత్సలో ఉండగా తిరిగి వాడకం" అన్న వాక్యం అలాగే ఉంది. నిష్పత్తి లెక్కతో, నాలుగు రిపోర్టుల నకళ్లతో రెండు ఉత్తరాలు రాశాను. మూడోది ఈ సోమవారం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.